టేకు చేపకు ఒక్కటే దెబ్బ

ఒకప్పుడు, సొరచేపకు సముద్రంలో ఎవరూ ఎదురు చెప్పని రోజుల్లో, ఒక టేకు చేప ఉండేది. అట్టులా పల్చటి ఒళ్లు. ఆ ఒంట్లో మబ్బులో ఉండేలాంటి మెరుపు కాస్త ఉండేది గానీ, రోజంతా కొంచెం కొంచెంగా కారిపోయేది. పక్కకు వచ్చిన చేపలకు చక్కిలిగింత పెట్టేది, అంతే.

చక్కిలిగింతకు సొర బెదురుతుందా? ఒక ఏడు టేకు పిల్లలన్నింటినీ తినేసింది. మరుసటి ఏడు అయిదు పిల్లలు పుట్టాయి. టేకు నీటి పైకి వచ్చి, పిడుగు వేయడం తనకూ నేర్పమని మబ్బును అడిగింది.

"కొంచెం కొంచెంగా కూడబెట్టుకో, ఒక్కసారిగా కొట్టు," అంది మబ్బు. "కానీ తల్లీ, సగం కొట్టి సగం దాచుకోవడం కుదరదు. కొట్టాక మళ్లీ నిండేదాకా నువ్వు ఉత్త చేపవే."

టేకు సరేనంది. తొందరలో ఉన్నవాళ్లు చివరి మాట సరిగా వినరు. మూడు రోజులు కదలకుండా రెండు రెక్కల్లోనూ మెరుపు నింపుకుంది. నాలుగో రోజు సొర వస్తే కొట్టింది. సొర వెల్లకిలా తిరగబడి, తేరుకుని పారిపోయింది. దూరంగా ఆగి మాత్రం చూస్తూనే ఉంది.

టేకు మళ్లీ నింపుకుంది. ఒక ఉదయం నూకన్న అనే జాలరి తెప్ప మీద వచ్చి వల వేశాడు. టేకూ, అయిదు పిల్లలూ అందులో పడ్డాయి. నూకన్న వలను తెప్ప అంచుకు లాగి, చెయ్యి లోపల పెట్టాడు. పిల్లల్ని ఏరి, సొర దూరలేని రాళ్ల సందుల్లో వదలాలని అతని ఉద్దేశం.

టేకుకు అదేం తెలుసు? పిల్లల మీదికి వస్తున్న చెయ్యి కనిపించింది. ఉన్నదంతా కొట్టేసింది.

నూకన్న చెయ్యి భుజం దాకా కొయ్యబారింది. వల జారిపోయింది. టేకూ, పిల్లలూ లోతు నీళ్లలో పడ్డాయి. అక్కడ సొర ఉంది.

టేకు రెక్కలు ఆడించింది. మళ్లీ మళ్లీ ఆడించింది. వాటిలో ఏమీ లేదు. సొర తొందరపడలేదు. ఒక్కొక్కటిగా మింగింది. తల్లి పక్కనే ఉండి చూసింది. పాపం అనడానికి కూడా నాకు నోరు రావడం లేదు.

నూకన్న చచ్చుపడిన చేతిని ఒళ్లో పెట్టుకుని నీళ్లలోకి చూశాడు.

"ఒగ్గేద్దామనే కదే సెయ్యెట్టాను," అన్నాడు.

అప్పటినుంచే టేకు ఎవరి మీదికీ వెళ్లదు. ఇసుక కప్పుకుని, కళ్లు మాత్రం బయట పెట్టి పడుకుంటుంది. మీద కాలు పడేదాకా కొట్టదు. పిల్లల్ని కంటే, ఆ రోజే వాటిని వదిలేసి దూరంగా వెళ్లిపోతుంది.