బంగారమ్మకు ఒప్పజెప్పిన పాఠం

సన్యాసిరావు మాస్టారిని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తికెత్తుకోవడమే. ఆయన జవాబు చెప్పరు, ఎక్కడికో ఒక చోటికి పంపుతారు. విజయనగరంలో ఓ బట్టల కొట్టు మీద గదిలో ముప్ఫయ్యేళ్ళుగా ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నారు. ఆయన పుణ్యమా అని ఇంగ్లీషు సగం, ఊరు మొత్తం తెలిసినవాళ్ళలో నేనొకణ్ణి.

మా బ్యాచ్‌లో దమయంతి అని నర్సింగ్ ఆఖరి సంవత్సరం పిల్ల ఉండేది. ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారని మాస్టారు ఆ వారం సోషల్ మీడియా పిచ్చి గురించి మాట్లాడే మాటలు నేర్పారు. అడిక్షన్, క్రేవింగ్, ట్రిగ్గర్, రిలాప్స్, చెడ్డ వార్తలనైనా ఆపలేక చూస్తూ పోయే డూమ్‌స్క్రోలింగ్. దమయంతి లేచి ఐదు నిమిషాలు తడుముకోకుండా మాట్లాడింది. మేం చప్పట్లు కొట్టాం. క్లాసు అయ్యాక మాత్రం లేవకుండా కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇదంతా నా కథే మాస్టారూ. మొన్న వార్డులో డ్యూటీలో ఉండి రీల్స్ చూస్తున్నాను. ఓ ముసలాయనకి సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం ఎక్కింది. 'అమ్మా, అమ్మా' అని పిలిచాడట, నాకు వినపడలేదు. పక్క మంచం వాళ్ళొచ్చి నా భుజం కుదిపారు. ఆయనకేం కాలేదు. కానీ ఇంకోసారి ఇలా జరిగితే వార్డులో అడుగు పెట్టనివ్వనన్నారు హెడ్ సిస్టర్. ఆ సాయంత్రమే మళ్ళీ చూస్తూ కూర్చున్నాను. నా జబ్బుకి ఇన్ని పేర్లు తెలిసీ ఎందుకు తగ్గడం లేదు?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కింద బంగారమ్మ ఉంటుంది. ఈ మాటలన్నీ ఆవిడకి అర్థమయ్యేలా చెప్పి రా," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఏడుస్తున్న పిల్లకి హోంవర్కా! దమయంతి వెంట నేనూ దిగాను.

బంగారమ్మ ఆ బిల్డింగు ఊడ్చే మనిషి. అరవై దాటి ఉంటాయి. మెట్ల మీద కూర్చుని దమయంతి చెప్పేది వింది. "క్రేవింగ్ అంటే, వద్దనుకున్నా చెయ్యి దానికోసమే పీకుతూ ఉండడం" అనగానే చీపురు పక్కన పెట్టేసింది.

"అది నాకు తెల్దేటి అమ్మీ? పాతికేళ్ళు అడ్డపొగ కాల్సినాను."

అడ్డపొగంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళలో ఆ అలవాటు ఇంకా ఉంది. రిలాప్స్ అంటే మానేసింది మళ్ళీ మొదలవడం అనేసరికి ఆవిడే అందుకుంది. "నాలుగు సార్లు ఒగ్గేసినాను. నాలుగు సార్లూ మల్లీ ముట్టించినాను. సరే గాని, ఇయన్నీ ఎవులికి సెప్తావు?"

"ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి."

"సెయ్యి పీకినప్పుడు ఎవులికి సెప్తావు?"

దమయంతి నా వంక చూసింది. అప్పుడే నా జేబులో ఫోను గుర్రుమంది, నా చెయ్యి దాని మీదికే పోయింది.

ఐదోసారి నోట్లో పుండు లేచి, డాక్టరు భయపెడితే బంగారమ్మ ఎదురింటి పోలమ్మతో కలిసి మానిందట. పీకినప్పుడల్లా వెళ్ళి ఆమెతో చెప్పేదట. "అదేటి సేస్తాది, అదీ నాలాటిదే. ఇద్దరం కూకుని సుట్టని తిట్టుకుంటా అంట్లు తోమీవోలం. ఆ అంట్లు అయ్యీసరికి పోయీది."

"ఇప్పుడు పూర్తిగా పోయిందా?" అంది దమయంతి ఆశగా.

"ఎక్కడ పోద్ది? నిన్న మా సందులో ఎవులో కాలిస్తే మల్లీ పీకినాది. పోలి కాడికి ఎల్లినాను."

ఆ తర్వాత పది రోజులు దమయంతి క్లాసుకి ఆలస్యంగానే వచ్చింది. పదకొండో రోజు అందరికంటే ముందు వచ్చింది.

"నిన్న వార్డులో ఉండగా ఫోన్ మోగింది మాస్టారూ. నా చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది. పక్కన రత్నకుమారి ఉంది. మా నర్సింగ్ క్లాసులో ఫస్టు, తనంటే మాకందరికీ హడల్. సిగ్గు చంపుకుని 'చెయ్యి పీకుతోందే' అని చెప్పేశాను."

"ఏమంది?" అన్నారు మాస్టారు.

"నవ్వుతుందనుకున్నాను. నా మొహంలోకి చూసి 'నాక్కూడా' అంది. ఇద్దరం ఫోన్లు ఆపి హెడ్ సిస్టర్ బల్ల మీద పెట్టేశాం. నిన్న డ్యూటీ అయ్యేదాకా ఎవరూ నన్ను రెండోసారి పిలవాల్సిన పని పడలేదు. ఇవాళ ఎలా ఉంటుందో తెలీదు."

మాస్టారు పాఠం పుస్తకం తీసి, మాటల జాబితా మీద పైనుంచి కిందికి వేలు నడిపించారు. తర్వాత కలం మూత తీశారు.

"ఆ రత్నకుమారి అన్న 'నాక్కూడా' అనే మాట ఇందులో లేదమ్మా. ఇవాళ దానితోనే మొదలుపెడదాం."