దివాను దిద్దిన ఫిర్యాదు

గంగవాడ రాజుగారికి ఇంగ్లీషు మోజు పట్టింది. అదే అదనుగా దివాను ఒక కట్టడి పెట్టించాడు. కొలువులో ఫిర్యాదేదైనా తప్పుల్లేని ఇంగ్లీషులోనే చెప్పాలి. తప్పు దొర్లితే దివాను రాజుగారి ముందు పాఠమంతా చెప్పి మరీ బయటికి గెంటించేవాడు. దాంతో దివాను మీద ఫిర్యాదు ఒక్కటీ నిలవలేదు.

సన్యాసమ్మ చల్ల అమ్ముకుని బతికేది. ఆమె పాడిగేదెను దివాను తన కొట్టంలో కట్టేయించాడు. ఇంటి దగ్గర దూడ పాలకు అల్లాడుతోంది. కోట వంటవాణ్ణి అడిగి మూడు ముక్కలు నేర్చుకుని ఆమె కొలువుకొచ్చింది.

“దివాన్ టేక్ బఫెలో,” అంది.

“దివాన్‌కి ముందు ‘ది’ ఏదే? ‘టేక్’ కాదు, ‘హాజ్ టేకెన్’. ఉత్త బఫెలో ఏమిటి? పాడిగేదెను ‘మై మిల్చ్ బఫెలో’ అనాలి,” అన్నాడు దివాను.

“అన్యాయంగా అనడానికి ఏమంటారు బాబూ?”

“‘రాంగ్లీ’. క్రియావిశేషణం.”

“ఇన్నిటికి నాకు నోరు తిరగదు. తమరే ఒక్కసారి కలిపి అనండి, విని పోతాను.”

దివాను రాజుగారి వైపు తిరిగి, గొంతు సవరించుకుని, “ది దివాన్ హాజ్ రాంగ్లీ టేకెన్ మై మిల్చ్ బఫెలో,” అన్నాడు.

సన్యాసమ్మ రాజుగారికి దండం పెట్టింది. “నా ఫిర్యాదు అదే ప్రభూ. అందులో తప్పుంటే దివానుగారినే గెంటించండి.”

“గేదె మీ కొట్టంలో ఉందా?” అన్నాడు రాజు.

“నేను దిద్దానంతే ప్రభూ...”

“ఉందా, లేదా?”

“ఉంది ప్రభూ,” అన్నాడు దివాను.

“అయితే మీరే తోలుకెళ్ళి దూడ దగ్గర కట్టేసి రండి. దారిలో ఎవరైనా అడిగితే తెలుగులోనే చెప్పండి.”