లోవరాజు చేతులు

అప్పలస్వామి ఉస్తాద్ ఏది అడిగినా నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. పాతికేళ్లు పటాలంలో ఉండి వచ్చి, సైనిక పాఠశాలలో పిల్లలకు కవాతు నేర్పుతున్నాడు. అడిగినవాడి చేతనే ఏదో ఒకటి చేయించి ఊరుకుంటాడు.

మర్నాడు కవాతు పోటీ అనగా, గోస్తనీ హౌస్ కెప్టెన్ నిశాంత్ పొద్దున్నే ఆయన దగ్గరికి వచ్చాడు. "ఉస్తాద్, లోవరాజును వరసలోంచి తీసెయ్యనా?"

లోవరాజు ఆరో తరగతి పిల్లవాడు. ఏ కాలు వేస్తే ఆ వైపు చెయ్యే లేస్తుంది వాడికి. నెల్లాళ్లుగా నిశాంత్ వాడి పక్కనే నడుస్తూ "చెయ్యి, చెయ్యి" అని అరుస్తూనే ఉన్నాడు. హౌస్‌లో ఉన్న ప్రతి బిడ్డా కవాతులో నడవాల్సిందేనని ఆ బడి ఆనవాయితీ. ఒంట్లో బాగోలేదని చీటీ ఇస్తే తప్ప వదలరు. ఆ చీటీ నిశాంత్ రాసుకునే వచ్చాడు. మూడేళ్లుగా చేజారుతున్న షీల్డు మరి. కానీ లోవరాజు అమ్మానాన్నా రేపు తుని నుంచి చూడ్డానికి వస్తున్నారట. అందుకే ఆ చీటీ జేబులోంచి పైకి రావడం లేదు.

ఉస్తాద్ సాధనకు వచ్చిన పిల్లలందర్నీ గడ్డిమీద కూర్చోబెట్టాడు. "బాబూ, జెండా కర్ర దాకా కవాతు చేసి రా. నీ చేతులెలా ఊగుతాయో మేమంతా చూస్తాం."

అదెంత పని అనుకుని బయల్దేరాడు నిశాంత్. "కుడి చెయ్యి చూడండర్రా, భుజం దాకా లేస్తోందా? ఇప్పుడు ఎడమది" అంటున్నాడు వెనకనుంచి ఉస్తాద్. పది అడుగులు బాగానే పడ్డాయి. పదకొండో అడుగుకి ఏమైందో ఏమో, ఆరేళ్లుగా అడక్కుండానే ఊగిన చేతులు తడబడి, ఎడమ కాలితో ఎడమ చెయ్యే లేచింది. సర్దుకోబోతే కుడివైపూ అంతే. గడ్డిమీద కిసుక్కున నవ్వులు.

"కెప్టెన్ సార్‌కి నా జబ్బు అంటుకుంది" అన్నాడు లోవరాజు, పాపం, నిజంగానే దిగులుపడి.

నిశాంత్ ఎర్రబడ్డ మొహంతో వచ్చి నిలబడ్డాడు. ఉస్తాద్ పిల్లల వైపు తిరిగాడు. "లోవరాజూ, మెస్సులో ఇవాళ పూరీలో ఉప్మావో కనుక్కుని రా నాయనా" అన్నాడు.

వాడు హుషారుగా నడిచాడు. కుడి కాలికి ఎడమ చెయ్యి, ఎడమ కాలికి కుడి చెయ్యి, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు ఒక్కటీ తప్పకుండా. తిరిగొచ్చేటప్పుడూ అంతే. "పూరీలే ఉస్తాద్" అన్నాడు దూరం నుంచే.

అది చూసిన నిశాంత్ జేబులోని చీటీ తీసి నాలుగు ముక్కలు చేశాడు. "వెళ్లరా, నీ చోట్లో నిలబడు" అని వాణ్ణి పంపి, "మరి రేపు నేనేం చూసుకోవాలి ఉస్తాద్?" అని అడిగాడు.

"అందరికన్నా ముందు నడిచేది నువ్వే కదా బాబూ" అన్నాడు ఉస్తాద్, మెస్సు వైపు అడుగు వేస్తూ. "ముందుకే చూడు."