కొండమ్మ చుట్టిన చాప

వెలగదుర్గం కొలువులో ఒక్కో పక్షానికి కూర్చోడానికి ఒక్కో చాప ఉండేది. ఏ చాపనైనా చుట్టేస్తే ఆ పక్షం తెచ్చిన శాసనాలు కూడా దాంతోపాటే రద్దయిపోవాలి. అది అక్కడి ఆనవాయితీ.

"ఎవరి నోరూ కట్టొద్దు, ఎవరి కడుపూ మాడ్చొద్దు" అంటూ పుట్టిన ఓ చిన్న పక్షం ఒకప్పుడు చాప పట్టనంతగా పెరిగింది. ఊరబావిని అన్ని కులాలకీ తెరిపించింది. కరువులో గంజి పోయించింది. పన్నుల మీద గొణిగినవాణ్ణి చెరలో వెయ్యకూడదని శాసనం చేయించింది. అవన్నీ జనానికి నచ్చేసరికి పెద్ద పక్షం అవి తమ గొప్పేనని చెప్పుకోసాగింది. చిన్న పక్షంవాళ్ళు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. చివరికి మేదరి కొండమ్మ ఒక్కతే మిగిలింది.

పెద్ద పక్షానికి నాయకుడైన ప్రధాని వీరభూపయ్య మీసం దువ్వాడు. "ఒక్కదానికి అంత చాపెందుకు? చుట్టుకుని పో!"

కొండమ్మ చాప చుట్టి చంకన పెట్టుకుంది. గుమ్మం దగ్గర దండోరావాణ్ణి పిలిచింది.

"చాటించు నాయనా. ఆనవాయితీ ప్రకారం రేపట్నుంచి బావికి తాళం, గంజి లేదు, గొణిగితే చెర. ప్రధానిగారే చాప చుట్టించారని మరీ మరీ చెప్పు."

వాడు డప్పు ఎత్తాడు. ప్రధాని చాప మీంచి లేచి పరుగెత్తుకొచ్చాడు. "ఆగరా! ఆ శాసనాలు మావి!"

కొండమ్మ వెనక్కి వచ్చి చాప మళ్ళీ పరిచింది.

"అయితే ఇన్నాళ్ళూ తప్పు చాప మీద కూర్చున్నారన్నమాట. ఇలా రండి దొరా, చోటుకేం కొదవలేదు."