చాపలో చుట్టిన ఏనుగు

ఒకానొక రాజ్యంలో నేరం జరగడానికి పట్టే సమయంకన్న తీర్పు వెలువడడానికి పట్టే సమయమే తక్కువ. ప్రచండసేన మహారాజు చేసిన చట్టమే అందుకు కారణం. నేరం ఒప్పుకున్నవాడికి శిక్ష సగం. అయితే ఒప్పుకోలు పత్రంపై వేలిముద్ర వేసిన తరువాత అతని తరఫున ఎవరూ మొరపెట్టుకోరాదు.

ఒకనాడు పట్టపుటేనుగు కనబడలేదు. గజశాల పక్కన చాపలల్లే పోలయ్యను భటులు పట్టుకున్నారు.

"ఒప్పుకోకపోతే ఇరవై ఏళ్ల చెర. ఒప్పుకుంటే పదేళ్లే," అన్నాడు మంత్రి.

పోలయ్య భార్య నిండు చూలాలు. పదేళ్లకైనా బిడ్డను చూడవచ్చునని అతడు వేలిముద్ర వేశాడు. మంత్రి చెప్పి రాయించిన పత్రంలో ఇలా ఉంది: "ఏనుగును చాపలో చుట్టి, చంకన పెట్టుకొని ఇంటికి తీసుకుపోయాను."

ఆరవనాడు ఏనుగు చెరకుతోటలోంచి తనంతట తానే తిరిగివచ్చింది. రాజు ఆనాడే దానిమీద ఊరేగాడు.

మరునాడు పోలయ్య భార్య ముత్యాలు సభకు పరుగెత్తుకొచ్చింది. "ఏలినవారూ, ఏనుగు వచ్చేసింది గదా! నా పెనిమిటిని వదిలిపెట్టండి."

"ఏనుగు రావచ్చు. మొర రాకూడదు," అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

ఆ పత్రం రాసిన ఆస్థాన లేఖకుడు కూచన మెల్లగా లేచాడు. "నిజమే, ప్రభూ. పత్రం పరమసత్యం. కనుక తమ ఏనుగు ఇప్పటికీ పోలయ్య చాపలోనే ఉంది."

"మరి గజశాలలో ఉన్నదో?"

"అది ఎవరిదో పరాయి ఏనుగు. నిన్న దానిమీద ఊరేగినది తమరే. నగరమంతా చూసింది."

కూచన ఖాళీ తాటాకు ఒకటి రాజు ముందుంచాడు.

"ఒప్పుకుంటే శిక్ష సగమే, ప్రభూ. చాపలో చుట్టారో దుప్పటిలో చుట్టారో సెలవియ్యండి. పత్రంలో పొరపాటు దొర్లకూడదు."

"ఓరి కూచనా! అది నా ఏనుగేనయ్యా! దాని చెవి చిరుగు నాకు తెలియదూ?"

"తమ మాట నిజమైతే పోలయ్య పత్రం అబద్ధం. పత్రమే నిజమైతే తమరు..." కూచన ఆ వాక్యం పూర్తి చేయలేదు.

రాజు మంత్రివైపు తిరిగాడు. "అసలు ఏనుగు చంకలో ఎలా పట్టిందయ్యా?"

"కొలతలు అడగాలని చట్టంలో లేదు, ప్రభూ!"

రాజుకు నవ్వు ఆగలేదు. కిరీటం జారిపడేదాకా నవ్వి, పత్రాన్ని చింపేశాడు. ఇకపై ఒప్పుకున్నవాడి మొర కూడా వినాలని ఆజ్ఞాపించి, తన కంకణం తీసి కూచన చేతికి తొడిగాడు.

"ముందు విడుదల ఉత్తరువు రాయనివ్వండి," అన్నాడు కూచన, తల వంచుకొని. "ఆ పత్రం రాసినదీ ఈ గంటమే."

చెరనుండి వచ్చిన పోలయ్య సభ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "అయ్యా, సాక్ష్యమని భటులు తెచ్చిన నా చాప... మా ఆడదాని పురిటికి కావాలండీ."

రాజు స్వయంగా వెళ్లాడు. చాప విప్పి, లోపల ఏనుగు లేదని చూసుకొని, మళ్లీ చుట్టి, చంకన పెట్టుకొని తెచ్చి ఇచ్చాడు.