కోడిపెట్ట గుక్కగుక్కకీ పైకి ఎందుకు చూస్తుంది

ఒకప్పుడు కోడిపెట్ట ఆవులాగే నీళ్లు తాగేది. ముక్కు ముంచిందంటే దాహం తీరేదాకా తల ఎత్తేది కాదు. నవ్వకండర్రా! మా జేజి, అదే మా నాయనమ్మ, చెప్పింది, ఆమెకి వాళ్ల జేజి చెప్పింది.

ఎంత మంచి రోజులవి! ఆ రోజుల్లో మచ్చలపెట్ట అని ఒకతె ఉండేది. ఎన్ని పనులైనా ఒకేసారి చేసేది. ఒక కన్ను తొట్టిలో నీళ్ల మీద, ఇంకో కన్ను ఆకాశం మీద. నీళ్లు తాగుతూనే గద్దని కనిపెట్టి "కొర్ర్" అనేది. ఏడుగురు పిల్లలూ గంప కిందికి దూరేవాళ్లు. అందరికన్నా చిన్నది బుడ్డి. అదెప్పుడూ వెనకే.

ఒక మధ్యాహ్నం బాతు తీరిగ్గా వచ్చింది. "ఏం వదినా, పిల్లలకి ఈత కూడా రాదా? ఇదేం పెంపకమమ్మా!" అని నవ్వి పోయింది.

పెట్టకి ఒళ్లు మండిపోయింది. కానీ ఏమనాలో నోటికి రాలేదు. మనకీ అంతేగా, మంచి జవాబు ఎప్పుడూ ఆలస్యంగానే తడుతుంది.

తొట్టి దగ్గరికెళ్లి తల వంచింది. తాగుతుంటే తట్టింది. "నీ గుడ్లు పొదిగింది ఎవరే? నేను కాదూ! అబ్బ, అప్పుడే అనాల్సింది!" రేపు ఎలా అనాలో, ఎంత గట్టిగా అనాలో, అదే ఆలోచన. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. నీళ్లలో గద్ద నీడ కనిపించింది కూడా. మనసే అక్కడ లేదు.

"అమ్మా!" అని బుడ్డి అరిచింది.

తల ఎత్తేసరికి గద్ద చింతచెట్టు దాటిపోయింది. పెట్ట గుండె పగిలేలా ఏడ్చింది.

బాతు పరుగెత్తుకొచ్చింది. "నా నోరు పడిపోనూ, వదినా!" అని తనూ ఏడ్చింది. పెట్ట ఆ గుడ్ల మాట అనలేదు. తర్వాత కూడా ఎన్నడూ అనలేదు.

మర్నాడు తొట్టి దగ్గర ఒక్క గుక్క తాగింది. పైకి చూసింది. మళ్లీ గుక్క, మళ్లీ పైకి.

"గద్ద లేదులే వదినా, స్థిమితంగా తాగు" అంది బాతు.

"గద్ద కోసం కాదే. బుడ్డి దాని గోళ్లలోంచి జారితే? నేను చూడాలిగా!"

అప్పటినుంచే కోళ్లు ఒక గుక్క తాగి, ఒకసారి ఆకాశం వైపు చూస్తాయి. మా ఊళ్లో ఇప్పుడు గద్దలే లేవు. అయినా మా పెట్ట ఇవాళ పొద్దున కూడా చూసింది.