సవలమ్మకు లెక్క రాదు

కళ్లం పక్కనున్న బూడిదకుప్పే పెట్టలకు రచ్చబండ. మధ్యాహ్నం పుంజు చూరు కింద కునుకు తీస్తుంటే, అవన్నీ బూడిదలో పొర్లుతూ తమ మీద తామే జోకులు వేసుకునేవి. ఆ విద్యలో సవలమ్మను మించిన పెట్ట లేదు. పెట్టబుర్ర ఆవగింజంత, అందులోనూ సగం ఊకేనని అది అంటే, ముసలి పర్లమ్మ నవ్వలేక కూలబడేది. పుంజు మాత్రం పెట్టల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆ పనేదో అవే చేసుకుంటుంటే దానికి అవసరం ఏముంది?

గడ్డివామి చాటు నుంచి ఒక జంగుపిల్లి కూడా ఈ జోకులు వినేది. ఒకనాడు తోక ముడుచుకుని వినయంగా ముందుకొచ్చింది. పంటినొప్పితో మాంసం మానేశానని, ఈ కబుర్లతోనే కడుపు నింపుకుంటున్నానని చెప్పుకుంది. మెచ్చుకునేవాళ్లు ఎవరికి చేదు? రోజూ వచ్చి కూర్చోమన్నాయి పెట్టలు.

మర్నాడు సవలమ్మ మంచి జోరు మీద ఉంది. "మనకి పిల్లల లెక్క కూడా రాదే. రెక్క కిందకి ఎన్ని దూరితే అన్నీ మనవే" అంది. జంగుపిల్లి పడీపడీ నవ్వింది.

సాయంత్రం సవలమ్మ తన పిల్లల్ని గంప కిందకు పిలిస్తే కుంటిపిల్ల రాలేదు. రోజూ అన్నిటికంటే వెనకగా కుంటుకుంటూ వచ్చే పిల్ల అది. వామి దగ్గర పసుపు నూగు పడి ఉంది. జంగుపిల్లి మూతికీ అదే నూగు. సవలమ్మ దాని ఎదుటికి ఉరికింది. నా బిడ్డ ఏదని నిలదీసింది.

"ఏ బిడ్డ, సవలమ్మా? లెక్క రాదని మధ్యాహ్నం నువ్వే అన్నావుగా" అంది జంగుపిల్లి నెమ్మదిగా.

పెట్టలు పక్కున నవ్వాయి. మన బుర్రలింతేనే, పోయి పడుకోమని పర్లమ్మ సర్దిచెప్పింది. పుంజు ఒక కన్ను తెరిచి, నీ మాటే కదా అని మళ్లీ మూసుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ చెప్పిన సవలమ్మే లోకువైపోయింది.

దానికంతా అయోమయంగా ఉంది. కుంటిపిల్ల నిజంగా ఉండేదా, తనే ఊహించుకుందా? సరదాకి అన్న మాట నిజమే అయితే ఇన్నాళ్లూ అందరూ నవ్విందెందుకు? కాకపోతే ఇవాళ తనని ఒక్కరూ నమ్మరేం? గంప కింద పిల్లల్ని పొదువుకుని కూర్చుంది. ఎడమ రెక్క కింద, కుంటిపిల్ల దూరే చోట, చల్లగా తగిలింది. లెక్క రాకపోవచ్చు గానీ, లేనిది లేదని రెక్కకు తెలుసు.

తెల్లారాక పిల్లల్ని కొట్టంలో ఆవు దగ్గర వదిలి, మధ్యాహ్నం బూడిదకుప్ప దగ్గర ఎప్పటిలాగే గొంతెత్తింది.

"నా మతిమరుపు చూడండే. పిల్లల్ని వామి వెనక గంప కింద పెట్టి, దాన్ని సరిగ్గా బోర్లించకుండానే వచ్చేశాను."

అందరికంటే పెద్దగా నవ్వింది జంగుపిల్లే. నవ్వుతూనే జారుకుంది. ఒరిగిన ఆ గంప చాటున పడుకున్నది రాత్రే ఈనిన కుక్క, దాని కూనలు.

తెగిన చెవితో గట్టు దాటుతూ జంగుపిల్లి ఏడ్చింది. "బుర్ర లేదని నువ్వే చెప్పావు కదే."

"చెప్పాను. నువ్వు నమ్మావు" అంది సవలమ్మ. "రాత్రి కాసేపు నేనూ నమ్మాను."

జంగుపిల్లి మళ్లీ రాలేదు. కుంటిపిల్లా రాలేదు. పెట్టవైనా భలే తెలివే నీదని పర్లమ్మ మెచ్చుకుంటే అన్నీ నవ్వాయి. సవలమ్మకూ నవ్వు వచ్చింది గానీ, ఎందుకో సగంలోనే ఆగిపోయింది.

నవ్వులాటకు మన మీద మనం వేసుకున్న నింద, పగవాడి చేతిలో సాక్ష్యం.